కోడి నీళ్ల గిన్నె చరిత్ర: హెసరఘట్ట నుంచి మన మేడ దాకా



పోయిన నెల సమావేశం అయ్యాక టీ తాగుతూ నిలబడి ఉంటే ఒక తమ్ముడు అడిగాడు. "అన్నా, మేడ మీద ఆరు కోళ్లు పెట్టాను. నీళ్లకి ఏది కొనమంటారు? జారు కొనాలా, నిపుల్ కొనాలా?" రెండు ముక్కల్లో చెప్పేద్దామని నోరు తెరిచి ఆగిపోయాను. ఆ ప్రశ్నకు జవాబు నేను మూడు పెట్టల్ని పోగొట్టుకుని నేర్చుకున్నాను. టీ గ్లాసు చేతిలో పెట్టుకుని చెప్పే సంగతి కాదు. ఇంటికొచ్చి ఇలా రాస్తున్నాను. ఎప్పటిలాగే పొడుగ్గా ఉంటుంది, ఓపిక ఉన్నవాళ్లు చదవండి. తమిళ మీడియంలో చదివినవాణ్ణి, తెలుగు రాయడం నలభై దాటాక నేర్చుకున్నాను. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడైనా తప్పితే సర్దుకోండి.

మా నాయన జోలార్‌పేటలో పాయింట్స్‌మన్. ఆ లైను సంగతి మీకు తెలుసు. 1864లో జోలార్‌పేట నుంచి బెంగళూరు కంటోన్మెంటుకు పట్టాలు వేశారు, అప్పటినుంచే ఆ ఊరు జంక్షను. క్వార్టర్స్‌లో మాది తెలుగిల్లు, బడి తమిళ బడి, పక్కింట్లో ఆంగ్లో-ఇండియన్ డ్రైవరు. మా అమ్మకు ఎప్పుడూ ఏడెనిమిది కోళ్లు ఉండేవి. వాటి నీళ్లగిన్నె అంటే పగిలిన కుండ అడుగుభాగం, అంతే. పొద్దున్నే దాన్ని కొబ్బరి పీచుతో, బూడిదతో తోమి, కడిగి, నీళ్లు పోసి వేపచెట్టు నీడలో పెట్టేది. సాయంత్రం కోళ్లను గంప కింద మూసేటప్పుడు ఆ పెంకులోకి ఒకసారి తొంగి చూసేది. "ఇవాళ నీళ్లు తగ్గలేదే, ఏ పెట్టకో ఒంట్లో బాగాలేదు" అనేది. ఆ మాట అప్పుడు నా చెవిన పడింది గానీ మనసులో పడలేదు.

మా కోళ్లకు ఇంకో నీటి వసతి కూడా ఉండేది. ఆవిరి ఇంజన్లకు నీళ్లు పట్టే పెద్ద కొళాయి స్తంభం స్టేషను చివర ఉండేది. దాని తోలుగొట్టం ఎప్పుడూ కారుతూనే ఉండేది. కింద గుంట, గుంట చుట్టూ కాకులు, పిచ్చుకలు, కొంగలు, క్వార్టర్స్ కోళ్లన్నీ. ఎండాకాలం ఆ గుంట దగ్గర సంతలా ఉండేది. ఏడాది విడిచి ఏడాది కోళ్లకు తెగులు వచ్చి లైను మొత్తం ఖాళీ అయ్యేది. ఆ తెగులును మేం తమిళంలో వెళ్ళైక్కళిచ్చల్ అనేవాళ్లం, తెలుగులో కొక్కెర తెగులు అంటారని బెంగళూరు వచ్చాకే తెలిసింది. పుస్తకాల్లో పేరు రాణీఖేత్. 1920ల చివర కుమావూ కొండల్లోని రాణీఖేత్‌లో మన దేశంలో దీన్ని గుర్తించారు కాబట్టి ఆ ఊరి పేరే రోగానికి అంటుకుంది. ఇంగ్లండువాళ్లకు 1926లో న్యూకాసిల్‌లో కనబడింది, వాళ్లు ఆ పేరు పెట్టుకున్నారు. పాపం ఊళ్లు ఏం చేశాయి. ఆ తెగులు పాకే దారుల్లో రెట్ట పడిన నీళ్లు ఒకటి. మా కొళాయి గుంటకూ మా అమ్మ కన్నీళ్లకూ ఉన్న సంబంధం మాకు అప్పట్లో తెలియదు.

పక్కింటి డ్రైవరుగారు తెల్ల లెగ్‌హార్న్ కోళ్లు పెంచేవాడు. ఆయన ఒక సారాయి సీసాలో నీళ్లు నింపి, తలకిందులుగా గోడ మేకుకు కట్టి, దాని మూతిని ఒక చేపల డబ్బాలో అర అంగుళం మునిగేలా పెట్టేవాడు. కోడి తాగినంత మేరకే సీసాలోంచి నీళ్లు దిగేవి, బుడుక్ మని ఒక గాలిబుడగ పైకి పోయేది. మా అమ్మ దాన్ని చూసి, "సీసా బోర్లా పెడితే నీళ్లన్నీ ఎందుకు కారిపోవురా?" అని అడిగింది. నాకు ఎనిమిదో తరగతి వచ్చాక జవాబు దొరికింది: వళిమండల అళుత్తం. ఇంటికి పరిగెత్తి చెప్పాను. ఆమెకు ఆ తమిళం అర్థం కాలేదు, నాకు తెలుగు మాట తెలియదు. వాతావరణ పీడనం అనే మాట నేను నేర్చుకునేటప్పటికి ఆమె లేదు.

సరే, చరిత్రలోకి వస్తాను. ముందు కోడి నీళ్లు ఎలా తాగుతుందో చూడాలి, లేకపోతే ఈ గిన్నెల కథ అర్థం కాదు. పావురం ముక్కు ముంచి పీల్చుకుంటుంది. కోడికి అది చేతకాదు. ముక్కుతో కాసిని నీళ్లు తోడుకుని, తల పైకెత్తి గొంతులోకి జారవిడుచుకుంటుంది. మళ్లీ వంగుతుంది, మళ్లీ ఎత్తుతుంది. అలా పదిసార్లు వంగి లేచే జంతువుకు వెడల్పాటి నీటి ముఖం కావాలి. వెడల్పు ఉంటే కాలు పెడుతుంది, గింజల కోసం దువ్వినట్టు దువ్వుతుంది, అంచు మీద కూర్చుని రెట్ట వేస్తుంది. ముక్కు లోపలికి పోవాలి, కాళ్లు బయట ఉండాలి: రెండు వేల ఏళ్లుగా మనుషులు తంటాలు పడుతున్నది ఈ ఒక్క సంగతి మీదే.

రెండు వేల ఏళ్లని ఊరికే అనలేదు. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో కొలుమెల్లా అనే రోమను రైతు వ్యవసాయం మీద పెద్ద గ్రంథం రాశాడు. అందులో కోళ్ల భాగం ఒకటి ఉంది. నీళ్ల తొట్టెకు మూత పెట్టి, కోడి తల పట్టేంత కంతలు బెత్తెడుకొకటి చొప్పున పెట్టాలని, లేదంటే కాళ్లతో నీళ్లు పాడుచేస్తాయని ఆయన చెప్పాడు. సీసపు తొట్టెల గురించి కూడా చెప్పాడు. సీసం సంగతి మాత్రం మీరు వినకండి, అది విషం. మన తెలుగువాళ్లకు కోడి అనగానే పల్నాటి పందెం గుర్తొస్తుంది, పుంజుల జాతులకీ రంగులకీ శాస్త్రమే ఉంది. పెట్ట తాగే గిన్నె గురించి ఎవరు రాస్తారు? అది ఆడవాళ్ల పని, రాతకెక్కలేదు. మా అమ్మ పెంకు తోమిన పద్ధతి నేను రాస్తే తప్ప ఇంకెవరూ రాయరు.

బోర్లించిన సీసా సూత్రానికి శాస్త్రం 1643లో దొరికింది. టొరిచెల్లి అనే ఇటలీ ఆయన పాదరసం గొట్టం తలకిందులు చేసి, గాలికి బరువు ఉందని చూపించాడు. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో అదే సూత్రంతో గోధుమరంగు పింగాణీ కూజాలు కోళ్ల కోసం చేశారు. మన డ్రైవరుగారి సీసా దాని పేద చుట్టం. ఈ రోజు శివాజీనగర్‌లో దొరికే ఎర్ర పళ్లెం, తెల్ల ప్లాస్టిక్ జారు దాని మునిమనవడు. పళ్లెం రంగు తప్ప సూత్రంలో ఏమీ మారలేదు.

ఇప్పుడు బెంగళూరు. ఈ ఊరికి నది లేదు. అందుకే కెంపేగౌడ కాలం నుంచి చెరువులే దిక్కు. మెజెస్టిక్ బస్‌స్టాండు ఉన్న చోట ధర్మాంబుధి చెరువు ఉండేది. నేను ఎన్నో ఏళ్లు స్టేషను మెట్లు దిగి ఆ ఎండిన చెరువులోనే బస్సు ఎక్కి ఇంటికి పోయాను. 1882లో సాంకీ చెరువు వచ్చింది. అదీ చాలక, ఊరికి వాయవ్యంగా అర్కావతి మీద హెసరఘట్ట చెరువు కట్టి, 1896 నాటికి అక్కణ్ణుంచి ఊళ్లోకి నీళ్లు తెచ్చారు. చామరాజేంద్ర వాటర్ వర్క్స్ అని పేరు. సోలదేవనహళ్లిలో ఆవిరి పంపులు, వాటి ఇటుక పొగగొట్టం. కొళాయి తిప్పితే నీళ్లు అనే మాట ఈ ఊరివాళ్లకు అప్పుడే పరిచయం. ఆ చెరువు కూడా 1920ల్లో వానలు మొండికేసి ఎండింది, దాంతో 1933కి తిప్పగొండనహళ్లి డ్యాము కట్టారు. అదీ చాలలేదు. 1974లో తొరెకాడనహళ్లి నుంచి కావేరి వచ్చింది. నూరు కిలోమీటర్ల దూరం, సుమారు అర కిలోమీటరు ఎత్తు. మన వంటింటి కొళాయిలో వచ్చే ప్రతి చెంబు అంత ఎత్తు ఎక్కి వచ్చినదే. రైల్వేలో పనిచేసినవాణ్ణి కదా, ఘాటు ఎక్కించే ఖర్చు నాకు తెలుసు.

విచిత్రం ఏమిటంటే, ఈ ఊరికి మొదటి కొళాయి నీళ్లు ఇచ్చిన హెసరఘట్టలోనే దక్షిణాదికి కోళ్ల చదువు చెప్పిన కేంద్రం ఉంది. కేంద్ర ప్రభుత్వ కోళ్ల అభివృద్ధి సంస్థ, శిక్షణ సంస్థ. చండీగఢ్, భువనేశ్వర్, ముంబయి, నాలుగోది మన హెసరఘట్ట. హెబ్బాళ పశువైద్య కళాశాలలో 1980ల చివర గిరిరాజ కోడి తయారైంది. మీలో చాలామంది మేడల మీద తిరుగుతున్నది దాని సంతతే. హైదరాబాదు రాజేంద్రనగర్ పరిశోధన సంస్థ వనరాజ, గ్రామప్రియ ఇచ్చింది. మా సొంత తెలుగువాడు బి.వి.రావుగారు 1971లో పుణె దగ్గర వెంకటేశ్వర హేచరీస్ పెట్టాడు, 1982లో గుడ్ల ధర రైతులే చెప్పుకునే ఎన్.ఇ.సి.సి.ని నిలబెట్టాడు. పెరట్లో ఏడెనిమిది కోళ్లు ఉండే దేశంలో వేల కోళ్ల షెడ్లు లేచాయి.

ఆ రోజుల్లోనే నేను పార్సిల్ ఆఫీసులో గుమాస్తాగా చేరాను. ఒకరోజు వయసు కోడిపిల్లలు అట్టపెట్టెల్లో వచ్చేవి. పక్కలకు కంతలు, లోపల నాలుగు గదులు, కిచకిచ. మొదటిసారి చూసినప్పుడు నాకు కోపం వచ్చింది. గిన్నె లేదు, చుక్క నీళ్లు లేవు, ఇవి ఊరు చేరతాయా అని. హేచరీ మనిషి నవ్వి చెప్పాడు: గుడ్డు పగిలే ముందు పచ్చసొనలో మిగిలింది పిల్ల కడుపులోకి వెళ్లిపోతుంది సార్, రెండు రోజులు, గట్టిగా అయితే మూడు రోజులు దానితోనే గడుస్తుంది. రైలు బండికీ కోడిపిల్లకీ దేవుడే ఒప్పందం రాసిపెట్టినట్టుంది.

ఒకసారి తుఫాను వానలకు బండి ఆగిపోయి, రావలసిన రోజుకు చాలా ఆలస్యంగా పెట్టెలు దిగాయి. తీసుకోవలసిన మనిషి రాలేదు. పిల్లల అరుపు పలచబడిపోయింది. నేను కంగారులో బిస్కెట్ డబ్బా మూతలో నిండా నీళ్లు పోసి పెట్టెలో పెట్టాను. చిత్తూరు వైపు నుంచి వచ్చిన ఒక హమాలీ పరిగెత్తుకొచ్చి మూత లాగేశాడు. "సామీ, మునిగి సస్తాయి!" అన్నాడు. పట్టాల మధ్య నుంచి గులకరాళ్లు ఏరుకొచ్చి కడిగి, మూత నిండా పరిచి, రాళ్ల సందుల్లో మాత్రమే నీళ్లు మెరిసేలా పోశాడు. తర్వాత ఒక్కో పిల్లను పట్టుకుని ముక్కు ఒకసారి తడిపి వదిలాడు. అవి ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకున్నాయి. ఆ రాత్రి చాలా పిల్లలు బతికాయి. నేను ఎస్.ఎస్.ఎల్.సి., ఆయన వేలిముద్ర. ఇప్పటికీ ఎవరు కోడిపిల్లల నీళ్ల గురించి అడిగినా నేను చెప్పేది ఆయన చెప్పిన రెండు మాటలే: గులకరాళ్లు వేయండి, ముక్కు తడపండి.

షెడ్లు పెద్దవైన కొద్దీ గిన్నె చాలలేదు. పదివేల కోళ్లకు ఎన్ని గిన్నెలు తోముతారు? ముందు కేజీల ముందు పొడుగాటి రేకు కాలువలు వచ్చాయి, ఒక చివర నీళ్లు వదిలితే ఇంకో చివరకు పారేది. ఒక కోడికి జబ్బు చేస్తే ఆ కాలువలో అన్ని కోళ్లకూ అందేది. మా జోలార్‌పేట గుంటే, రేకుతో చేశారు. నేల మీద పెంచేవాళ్లకు గంట ఆకారంలో వేలాడే డ్రింకరు వచ్చింది. ఇజ్రాయెల్ సముద్రం ఒడ్డున మాగాన్ మిఖాయెల్ అనే సమష్టి పల్లెలో 1960ల్లో మొదలైన ప్లాసన్ కంపెనీది ఎంత ప్రసిద్ధి అంటే, కొందరు రైతులు ఏ గంట డ్రింకరునైనా ప్లాసన్ అనే అంటారు. నీటి బరువు తగ్గితే లోపలి కవాటం తెరుచుకుంటుంది, నిండితే మూసుకుంటుంది. ఇక నిపుల్. జర్మనీలో లూబింగ్ కంపెనీ 1949లో మొదలైంది, నిపుల్‌కు పేరు తెచ్చినవాళ్లలో అది ముందు వరుసలో ఉంటుంది. చిన్న లోహపు సూది, కోడి ముక్కుతో తడితే ఒక చుక్క, వదిలితే మూత. నీటికి ముఖమే లేదు, కాలు పెట్టడానికి చోటే లేదు. కొలుమెల్లా చూస్తే సంతోషించేవాడు.

నేనూ సంతోషించాను. నా కథ ఇక్కడే వస్తుంది.

2024 వేసవి మీకు గుర్తుండే ఉంటుంది. బోర్లు ఎండిపోయాయి, మార్చిలో జలమండలి తాగునీటితో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అంది. మా వీధికి ట్యాంకరు మూడు రోజులకోసారి. అప్పుడు మా మేడ మీద పదకొండు కోళ్లు. వెడల్పాటి బేసిన్‌లో నీళ్లు పెట్టేవాణ్ణి, సగం దువ్వి పారబోసేవి. మా ఆవిడ రోజూ, "మనుషులకు లేవు, మీ కోళ్లు స్నానాలు చేస్తున్నాయి" అనేది. సరే, ఒక్క చుక్క వృథా కాని పద్ధతి పెడదామని ఇరవై లీటర్ల పెయింటు బకెట్టు, తెల్ల పీవీసీ గొట్టం, ఎనిమిది నిపుళ్లు తెచ్చి ఒక ఆదివారం బిగించాను. వేలితో తడితే చుక్క వచ్చింది. బేసిన్ తీసేశాను. ఆ సాయంత్రమే చెన్నైలో పెళ్లికి బయలుదేరాం. పక్కింటి కుర్రాడికి తాళంచెవి ఇచ్చి, మేత వెయ్యి, బకెట్టులో నీళ్లు తగ్గితే పొయ్యి అని చెప్పాను.

సోమవారం ఫోను చేశాను. "బకెట్టు నిండుగా ఉంది అంకుల్" అన్నాడు. మంగళవారం చేశాను. "ఇంకా నిండుగానే ఉంది అంకుల్, పోయాల్సిన పనే లేదు." నేను పెళ్లిలో నలుగురికి గొప్పగా చెప్పాను, చూడండి నిపుల్ పెడితే నీళ్లు ఎంత ఆదా అవుతాయో అని.

ముప్పై ఐదేళ్లు రిజిస్టర్లు చూసినవాణ్ణి. రోజంతా అమ్మకం సున్నా అని రాసి ఉంటే ఆ కౌంటరులో ఏదో జరిగిందని లేచి వెళ్లి చూసేవాణ్ణి. పదకొండు పెట్టలు ఆ ఎండకు రోజుకు నాలుగు లీటర్లకు పైనే తాగాలి. రెండు రోజులకు బకెట్టు సగానికి దగ్గరగా దిగాలి. నిండుగా ఉందంటే తాగలేదని. మా అమ్మ పెంకులోకి తొంగి చూసి చెప్పిన సంగతే అది. నాకు తట్టలేదు. బుధవారం తెల్లారి వచ్చేటప్పటికి మూడు పడిపోయి ఉన్నాయి, మిగతావి రెక్కలు విడిచి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. కోడికి చెమట పట్టదు. రొప్పి, ఊపిరితో నీరు బయటికి పంపే ఒళ్లు చల్లబరుచుకుంటుంది. తాగడానికి లేకపోతే రొప్పడానికి కూడా ఏమీ ఉండదు. కుర్రాణ్ణి ఏమీ అనలేదు. వాడు చెప్పిందల్లా నిజమే.

తర్వాత కూర్చుని ఒక్కొక్కటిగా విప్పి చూశాను. మొదటి తప్పు, ఏళ్లపాటు బేసిన్‌లో తాగిన పెట్టలకు ఆ సూది ఏమిటో తెలియదు. ఒకటి రెండు పొడిచి ఉంటాయి, మిగతావి బేసిన్ ఉండే చోట నిలబడి ఎదురుచూసి ఉంటాయి. రెండో తప్పు ఎండ. తెల్ల గొట్టం మేడ మీద నేరుగా ఎండలో ఉంది. మధ్యాహ్నం దానిలోంచి చుక్క వేలిమీద పడితే చురుక్కుమంది. ఒళ్లు వేడెక్కిన కోడి వేడినీళ్లు ముట్టదు. ఆ నెల చివర ఊళ్లో 38.5 డిగ్రీలు నమోదైంది, ఏప్రిల్ మొత్తం చినుకు లేదు. మూడోది ట్యాంకరు నీళ్లు. లోతు బోరు నీళ్లు, సున్నం ఎక్కువ, పైగా సన్న ఇసుక. ఎనిమిది నిపుళ్లలో మూడు సూదులు అప్పటికే బిగుసుకుపోయాయి. నిపుల్‌కు ముందు వడపోత పెట్టమని అమ్మినవాడు చెప్పాడు, ఆ రోజు అంగడిలో లేదు, తర్వాత పెట్టుకుందాం అనుకున్నాను.

దాంతో నిపుల్ మీద అలిగి మళ్లీ బేసిన్‌కు వెళ్లాను. అదీ ఎంతో కాలం సాగలేదు. ఆ ఏడే డెంగీ విజృంభించింది, సెప్టెంబరులో ప్రభుత్వం దాన్ని అంటువ్యాధిగా ప్రకటించి, ఇళ్లలో దోమలు పెరిగే నీళ్లు కనబడితే జరిమానా అంది. మా వరుసలో ఒకావిడ నా కోళ్ల బేసిన్ వైపు వేలు చూపించింది. రోజూ నీళ్లు పారబోసి తోమితే దోమ పెరగదమ్మా, గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పైన పడుతుంది అని చెప్పాను. విన్నది, నమ్మలేదు. ఆమె పిల్లవాడు అప్పుడే జ్వరంతో లేచాడు, ఆమెనేమనగలం.

ఇంకొకటి నా మనసులో ఉంది. 2012 అక్టోబరులో ఆ హెసరఘట్ట కేంద్రంలోనే టర్కీ కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చింది, హెచ్5ఎన్1. అక్కడి వేల పక్షులను చంపి పూడ్చవలసి వచ్చింది. దేశానికి పాఠం చెప్పే చోటికే అది వచ్చింది. 2018 జనవరిలో దాసరహళ్లి దగ్గర మళ్లీ. అడవి పక్షుల రెట్టలోనూ, ఆ రెట్ట పడిన నీటిలోనూ ఆ క్రిమి ఉంటుంది. మేడ మీద మూత లేని బేసిన్ అంటే కాకులకూ పావురాలకూ చలివేంద్రమే. పావురానికి పుణ్యం చేయాలంటే వేరే గిన్నె, వేరే చోట పెట్టండి.

అందుకని ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది ఇది. అదే పెయింటు బకెట్టు, మూతతో సహా. గొట్టం తీసేశాను, నిపుళ్లు నేరుగా బకెట్టు అడుగునే బిగించాను, నాలుగు. మూడు కోళ్లకు ఒకటి ఉంటే చాలు. ఆ బకెట్టును నీడలో కొక్కేనికి వేలాడదీశాను. కోడి కొంచెం మెడ సాచి పైకి చూస్తూ తాగాలి, అంత ఎత్తు. తక్కువైతే పక్కనుంచి పొడిచి కిందంతా తడి చేస్తుంది. తడి చేరితే పొట్టు కుళ్లి పిల్లలకు రక్త విరేచనాలు. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి నేరుగా నిపుల్‌కు కలపకండి. ఆ ఒత్తిడికి సూది మూసుకోదు, కారుతూనే ఉంటుంది. బకెట్టులో ఉండే జానెడు, మూరెడు ఎత్తు నీళ్లే దానికి సరిపోతాయి. రంగు బకెట్టే కావాలి, వెలుతురు దూరే ప్లాస్టిక్ అయితే లోపల పాచి పడుతుంది. పీవీసీ గొట్టం పెట్టక తప్పని వాళ్లు గోనెపట్టా చుట్టి తడపండి.

కొత్త కోళ్లకు నేర్పడానికి వారం పడుతుంది. పాత గిన్నె తీయకుండా నిపుల్ పెట్టండి. తెల్లవారి గిన్నె ఒక గంట దాచి, వేలితో సూది తట్టి చుక్క మెరిసేలా చూపించండి. మెరిసేది ఏదైనా కోడి పొడుస్తుంది. ఒకటి నేర్చుకుంటే మిగతావాటికి అదే పంతులు. పార్సిల్ ఆఫీసు హమాలీ చూపించిన పద్ధతే. అన్నీ తాగడం మీ కళ్లతో చూశాకే గిన్నె తీయండి, ఆ వారం ఊరికి పోకండి.

టీకా సంగతి ఒకటి చెప్పి తీరాలి. కొక్కెర తెగులుకు లసోటా టీకా నీళ్లలో ఇచ్చే రోజు నిపుల్, బకెట్టు పక్కన పెట్టి శుభ్రమైన ప్లాస్టిక్ గిన్నెలే వాడండి. కావేరి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, అది మన క్రిములను చంపినట్టే టీకాలో ఉన్న బతికిన క్రిమినీ చంపుతుంది. లీటరుకు నాలుగైదు గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపితే క్లోరిన్ విరుగుతుంది. ముందు గంటా రెండు గంటలు దాహం వేయనిచ్చి, రెండు గంటల్లో అన్నీ తాగేసేలా కొంచెమే కలపండి. ఎండాకాలమైతే ఇదంతా తెల్లారేలోగా. మోతాదు, వయసు మీ పశువైద్యుణ్ణి అడగండి, నా మాట మీద పోకండి.

జారు మంచిదా అంటే, చిన్నపిల్లలకు మంచిదే, గులకరాళ్లు వేస్తే. ఇటుక మీద పెట్టాలి, పళ్లెం అంచు కోడి వీపు ఎత్తుకు రావాలి. రోజూ తోమే ఓపిక ఉన్న ఇంట్లో పెద్ద కోళ్లకు కూడా దాంతో ఇబ్బంది లేదు. తోమే మనిషి లేని ఇంట్లో నిపుల్ మేలు. చూసే మనిషి కూడా లేకపోతే, తమ్ముడూ, కోళ్లు వద్దు.

మా బకెట్టుకు లోపలి వైపు నేను నల్ల గీతలు గీశాను, లీటరుకొకటి. రోజూ సాయంత్రం మా మనవడు స్టూలెక్కి మూత తీసి చూసి ఒక పాత రైల్వే డైరీలో రాస్తాడు: తేదీ, ఎండ, ఎన్ని లీటర్లు దిగింది. వాడు కన్నడ బడిలో చదువుతున్నాడు కాబట్టి కన్నడ అంకెల్లో రాస్తాడు, పక్కన నేను సంతకం పెట్టాలి. మొన్న బుధవారం రెండు లీటర్లు దిగవలసిన చోట ఒకటే దిగింది. వెతికితే ఒక పెట్ట పొదుగుకు కూర్చుని గూడు వదలడం లేదు, ఒక నిపుల్ సున్నం పట్టి బిగిసింది. వెనిగరులో నానబెట్టి మళ్లీ బిగించాను.

అడిగిన తమ్ముడికి: ఈ ఆదివారం ఇంటికి రా. మూత ఉన్న పాత బకెట్టు ఒకటి మిగిలింది, డ్రిల్లు నా దగ్గర ఉంది, నిపుళ్లు రెండు, వడపోత ఒకటి నువ్వు తెచ్చుకో.